రీబూట్ కొట్టే ముందు లాగ్ చూశావా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా లినక్స్ అడ్మిన్ (సర్వర్లు చూసుకునేవాళ్ల) కోర్సు కాగితం ఒకటి అంటించి ఉంటుంది, సిలబస్ కూడా ఎప్పుడూ అదే వరస, ముందు అడ్మినిస్ట్రేషన్, తర్వాత సెక్యూరిటీ, ఆఖర్న ట్రబుల్‌షూటింగ్. ఆ ఆఖరిదానికి వచ్చేసరికి బ్యాచ్‌లో సగం మంది ఉండరు, ఉన్నవాళ్లకి సార్ ఇంటర్వ్యూ క్వశ్చన్లు అని ఒక పీడీఎఫ్ ఇచ్చి ఆల్ ది బెస్ట్ చెప్పేస్తారు. నాకు ఇన్‌స్టిట్యూట్ల మీద కోపమేం లేదు, మన ఊళ్ల నుంచి వచ్చిన ఎంతమందికో అన్నం పెట్టిన వీధి అది. కాకపోతే ఆ మూడు ముక్కలుగా కోసి చెప్పడం దగ్గరే నాకు పేచీ. సర్వర్ దగ్గర కూర్చున్నాక అవి మూడూ ఒకటే పని, విడదీద్దామన్నా విడిపోవు.

ఎందుకంటున్నానంటే, కొత్తగా టీమ్‌లోకి వచ్చే పిల్లలకి కమాండ్లు బాగానే వస్తాయి. యూజర్ క్రియేట్ చెయ్యమంటే చేస్తారు, ఎల్‌వీఎం ఎక్స్‌టెండ్ చెయ్యమంటే, అంటే డిస్క్ చోటు పెంచమంటే చేస్తారు, క్రాన్ (టైమ్‌కి తనంతట తానే నడిచే పని) పెట్టమంటే పెడతారు. కానీ "సైటు ఓపెన్ అవ్వట్లేదు, చూడు" అన్నామనుకోండి, చెయ్యి మూడు చోట్లకే పోతుంది. ఒకటి రీబూట్, రెండు సీహెచ్‌మాడ్ 777, అంటే ఆ ఫైల్‌ని ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అనెయ్యడం, మూడు సెట్‌ఎన్‌ఫోర్స్ జీరో, అంటే ఎస్ఈలినక్స్ అనే కాపలాదారుని పక్కన కూర్చోబెట్టడం. ఈ మూడూ చాలాసార్లు పనిచేస్తాయి కూడా, అదే అసలు గొడవ. పనిచేసింది కాబట్టి టికెట్ క్లోజ్ అవుతుంది, ఎందుకు ఆగిందో ఎవడికీ తెలీదు, పైగా ఒకటి ఆధారాల్ని తుడిచేస్తుంది, మిగతా రెండూ తలుపులు తీసి పెడతాయి.

డిస్క్ ఫుల్ సంగతే తీసుకోండి, అందరికీ వచ్చే ప్రాబ్లమే. డీఎఫ్ మైనస్ హెచ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పే కమాండ్) కొడితే లాగ్‌లు ఉండే /వార్ పార్టిషన్ 100 శాతం అని చూపిస్తుంది, సరే ఎవడు తిన్నాడో చూద్దామని ఫైళ్ల సైజులు కూడే డీయూ కొడితే లెక్క సగం కూడా రాదు. మిగతా జీబీలు ఏమైనట్టు? ఇంతకుముందే ఎవరో పెద్ద లాగ్ ఫైల్ (సర్వర్ తన పనుల గురించి రాసుకునే చిట్టా) చూసి ఆర్‌ఎం, అంటే డిలీట్ కొట్టి ఉంటారు, లేదంటే పాత లాగ్‌లని పక్కకి తిప్పే లాగ్‌రొటేట్ తుడిచేసి ఉంటుంది. లినక్స్‌లో ఫైల్ డిలీట్ చేశామంటే డైరెక్టరీలోంచి దాని పేరు పోయినట్టు మాత్రమే, ఏదో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ని ఓపెన్ చేసి పట్టుకుని ఉన్నంతసేపు డిస్క్ మీద ఆ చోటు ఖాళీ అవ్వదు, ఆ ప్రాసెస్ ఇంకా దాంట్లో రాస్తూనే ఉంటుంది. డీయూ పేర్లు పట్టుకుని లెక్కేస్తుంది కాబట్టి దానికి కనబడదు, డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌ని అడుగుతుంది కాబట్టి దానికి తెలుసు. ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్ 1 కొడితే ఆ పేరు పోయిన ఫైళ్లన్నీ, ఎవరు పట్టుకున్నారో ఆ ప్రాసెస్ నంబర్ (పీఐడీ)తో సహా వస్తాయి, అప్పుడు ఆ ఒక్క సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే చాలు. అసలు ఆర్‌ఎం బదులు ఫైల్‌ని ట్రంకేట్ చేసి, అంటే పేరు ఉంచి లోపలిది ఖాళీ చేసి ఉంటే ఈ గొడవే లేదు. రీబూట్ కొట్టినా ఆ చోటు ఖాళీ అవుద్ది, నిజమే, కానీ లాగ్‌రొటేట్ తిప్పాక సర్వీస్‌కి కొత్త ఫైల్ తెరవమని చెప్పట్లేదు అనే అసలు సంగతి అలాగే ఉండిపోయి కొన్నాళ్లకి మళ్లీ అదే అలర్ట్ వస్తుంది, మళ్లీ రీబూట్ కొడతారు, అలా ఒక సర్వర్‌కి "అప్పుడప్పుడు రీబూట్ చేస్తుండాలి" అనే పేరు పడిపోతుంది.

దీనికే ఇంకో తమ్ముడు ఉన్నాడు, డిస్క్‌లో చోటు బోలెడంత కనబడుతుంది కానీ "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటుంది. డీఎఫ్ మైనస్ ఐ కొట్టి చూస్తే ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున కావాల్సిన గదులు, అయిపోయి ఉంటాయి, ఏ పీహెచ్‌పీ సెషన్ ఫోల్డర్‌లోనో, బయటికి వెళ్లని మెయిల్ క్యూలోనో లక్షల కొద్దీ బుల్లి ఫైళ్లు పడి ఉంటాయి. ఇక్కడ కూడా చూడాల్సింది అన్ని ఫైళ్లు ఎందుకు వచ్చాయని. మెయిల్ క్యూ అలా నిండిందంటే చాలాసార్లు ఏదో వెబ్ ఫారమ్‌లోంచి ఎవడో స్పామ్ తోలుతున్నాడని అర్థం. స్టోరేజ్ ప్రాబ్లమ్ అనుకుని వెళ్తే అది సెక్యూరిటీ ఇన్సిడెంట్ అయి కూర్చుంటుంది.

ఇక ఎస్ఈలినక్స్, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ని ముట్టుకోవచ్చో లినక్స్ లోపల కాపలా కాసేది. దీన్ని తిట్టనివాడు ఉండడు, ఆన్‌లైన్‌లో ఏ ట్యుటోరియల్ చూసినా మొదటి లైనే "ముందు ఎస్ఈలినక్స్ డిసేబుల్ చెయ్యండి". అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ వాళ్లు తయారుచేసి 2000 డిసెంబర్‌లో బయటికి వదిలిన సరుకు ఇది, లినక్స్ అమ్మే కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్లు దాన్ని ఆన్ చేసే ఇస్తారు, మనం రాగానే తీసేస్తాం. ఎక్కువమంది తగులుకునేది ఒకటే కేసు. సైట్ ఫైళ్లన్నీ హోమ్ డైరెక్టరీలో రెడీ చేసుకుని ఎంవీ (ఫైళ్లు తరలించే కమాండ్) కొట్టి /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్ కిందికి తెస్తారు, బ్రౌజర్‌లో 403 ఫర్‌బిడెన్ వస్తుంది. ఓనర్ కరెక్టే, పర్మిషన్ కరెక్టే, వెబ్ సర్వర్ అపాచీ కాన్ఫిగ్ కూడా కరెక్టే. ఏంటంటే ఎంవీ కొడితే ఎస్ఈలినక్స్ అంటించిన పాత లేబుల్‌ని ఫైల్ వెంట తెచ్చుకుంటుంది, అంటే వచ్చాక కూడా అది "యూజర్ హోమ్ ఫైల్" అనే ముద్రతోనే ఉంటుంది, వెబ్ సర్వర్‌కి ఆ ముద్ర ఉన్నవి చదవడానికి పర్మిషన్ లేదు. సీపీ (కాపీ) కొట్టి ఉంటే కొత్త చోటు లేబుల్ వచ్చేది. ఎల్ఎస్ మైనస్ పెద్ద జెడ్ కొడితే లేబుల్ కనబడుతుంది, రిస్టోర్‌కాన్ మైనస్ ఆర్‌వీ కొడితే సరైపోతుంది, ఆడిట్ లాగ్‌లో ఏ ప్రాసెస్ ఏ ఫైల్‌ని అడిగితే ఎందుకు వద్దన్నామో ఒక లైన్‌లో రాసి పెట్టే ఉంటుంది. ఇంత స్పష్టంగా కారణం చెప్పే సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో ఇంకోటి నాకు తెలీదు, దాన్ని ఆఫ్ చెయ్యడమంటే జ్వరం వచ్చిందని థర్మామీటర్ విరగ్గొట్టినట్టే.

777 సంగతి ఇంకా కామెడీ. ఎస్ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారిలో, పాస్‌వర్డ్ బదులు కీ ఫైల్‌తో లాగిన్ అవ్వట్లేదని ఎవరో హోమ్ డైరెక్టరీకీ దానిలోని డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కీ 777 ఇచ్చేస్తారు, ఇక ఆ కీ చచ్చినా పనిచెయ్యదు. సర్వర్ వైపు నడిచే ఎస్ఎస్‌హెచ్‌డీలో స్ట్రిక్ట్‌మోడ్స్ అని ఒక సెట్టింగ్ డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది, వేరేవాళ్లు రాయగలిగేలా హోమ్ ఫోల్డర్ ఉంటే దాంట్లో ఉన్న కీని అది నమ్మదు, నమ్మకూడదు కూడా, ఎందుకంటే పక్క యూజర్ తన కీ తెచ్చి దాంట్లో పెట్టేసుకోవచ్చు. ఓనర్‌కి తప్ప ఎవరికీ అందకుండా ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600, హోమ్‌కి గ్రూప్ రైట్ లేకుండా, అంతే. లాగిన్ల లాగ్ /వార్/లాగ్/సెక్యూర్ తెరిస్తే "బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్" అని డైరెక్టరీ పేరుతో సహా చెప్తుంది, ఉబుంటు వాళ్లయితే ఆథ్ డాట్ లాగ్ చూడాలి. చూడరు. క్లయింట్ వైపు వచ్చిన "పర్మిషన్ డినైడ్" అనే రెండు ముక్కలు పట్టుకుని గూగుల్‌కి వెళ్తారు. సర్వర్ వైపు లాగ్‌లో ఎప్పుడూ ఎక్కువ రాసి ఉంటుంది, బయటివాడికి తక్కువ చెప్పడం కావాలని చేసిన పనే మరి, ఎందుకు ఫెయిల్ అయ్యిందో వివరంగా చెప్తే దాడి చేసేవాడికి దారి చూపించినట్టు అవుద్ది కదా.

లాగ్ అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి, చాలామంది పట్టించుకోనిది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, 9 వర్షన్లలో, సర్వీస్‌లన్నీ నడిపే సిస్టమ్‌డీ రాసుకునే జర్నల్ (లాగ్) డిఫాల్ట్‌గా /రన్ కింద, అంటే మెమరీలో ఉంటుంది. రీబూట్ కొట్టారా, పాత బూట్ జర్నల్ హుష్ కాకి. లాగ్‌లని టెక్స్ట్‌గా రాసే ఆర్‌సిస్‌లాగ్ ఉంటుంది కాబట్టి /వార్/లాగ్/మెసేజెస్‌లో టెక్స్ట్ దొరుకుతుంది గానీ, జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1 అని కొట్టి పోయిన బూట్‌లో ఏం జరిగిందో చూద్దామంటే ఏమీ రాదు. /వార్/లాగ్/జర్నల్ అని డైరెక్టరీ చేసి జర్నల్‌డీని రీస్టార్ట్ చేస్తే అక్కణ్నుంచి డిస్క్ మీద ఉంటుంది. చిన్న పనే కానీ కొత్త సర్వర్ చేతికి రాగానే నేను చేసేది ఇదే, ఇంకా ప్యాకేజీలు కూడా వెయ్యక ముందు. ఆ పక్కనే గడియారం సరిచేసే క్రోనీ నడుస్తోందా, టైమ్ కరెక్ట్‌గా ఉందా చూస్తా. రెండు సర్వర్ల మధ్య నాలుగు నిమిషాలు తేడా ఉంటే ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని జుట్టు పీక్కోవాల్సిందే. మన దేశంలో ఇది ఇష్టం ఉంటే చేసే పని కూడా కాదు ఇప్పుడు, దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, టైమ్ ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ అనే ప్రభుత్వ సంస్థల టైమ్ సర్వర్లతో కలిసి ఉండాలి, ఇన్సిడెంట్ తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి. ఆ 6 గంటల్లో ఏం రిపోర్ట్ చేస్తారు, భయపడి రీబూట్ కొట్టి మెమరీలో ఉన్నదంతా పోగొట్టుకున్నాక?

"అన్నా, పర్ఫార్మెన్స్ చూసేవాళ్లు వేరు, సెక్యూరిటీ వాళ్లు వేరు కదా" అని మా బాబాయి కొడుకు ఒకసారి వాదించాడు, వాడు ఇప్పుడే కోర్సు మొదలుపెట్టాడు. వాడికి ఎక్స్‌జెడ్ కథ చెప్పా. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తాడు, డెబియన్ అనే లినక్స్ సిడ్ (అన్‌స్టేబుల్) వర్షన్ మీద ఏవో బెంచ్‌మార్క్‌లు (వేగం కొలతలు) చేసుకుంటుంటే ఎస్ఎస్‌హెచ్ లాగిన్లు సీపీయూ ఎక్కువ తింటున్నాయి, లాగిన్ అవ్వడానికి ఇంతకుముందుకన్నా దాదాపు అర సెకను ఎక్కువ పడుతోంది. అర సెకను! మనమైతే నెట్ స్లో అనుకుని వదిలేస్తాం. ఆయన వదలకుండా తవ్వితే ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వర్షన్లలో ఎవరో బ్యాక్‌డోర్ (దొంగ దారి) పెట్టారని బయటపడింది, మార్చి 29న లోకానికి చెప్పాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టుకి మంచిగా కోడ్ ఇస్తూ, నమ్మకం సంపాదించి, మెయింటెయినర్ (ప్రాజెక్టు చూసుకునేవాడు) అయ్యి మరీ చేసిన పని. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే చాలా స్టేబుల్ డిస్ట్రోల్లోకి (లినక్స్ రకాల్లోకి) వెళ్లిపోయేది. దాన్ని ఏ యాంటీవైరస్సో ఏ ఆడిట్ టీమో పట్టుకోలేదు, "ఇది ఇంతకుముందు ఇలా లేదే" అని అనుమానం వచ్చిన మనిషి పట్టుకున్నాడు. మా వాడు కాసేపు ఏం మాట్లాడలా, తర్వాత "అయితే నార్మల్‌గా ఎలా ఉంటుందో ముందు తెలిసుండాలి కదన్నా" అన్నాడు. అదీ లెక్క. సర్వర్ బాగున్నప్పుడు లోడ్ ఎంత ఉంటుంది, ఏ పోర్ట్‌లు (నెట్‌వర్క్ తలుపులు) తెరిచి ఉంటాయి, ఏ ప్రాసెస్‌లు నడుస్తాయి, ఇవి చూసి పెట్టుకోకపోతే బాగోలేనప్పుడు టాప్ (నడుస్తున్న ప్రాసెస్‌లు చూపించే కమాండ్) కొట్టి కళ్లప్పగించి చూడ్డమే.

పబ్లిక్ ఐపీ ఉన్న వీఎం (వర్చువల్ మిషన్) ఒకటి ఏ క్లౌడ్‌లోనైనా తీసుకుని కాసేపు ఊరికే వదిలేసి చూడండి, మీరు ఎవరికీ చెప్పకపోయినా ఎస్ఎస్‌హెచ్ వాడే 22 పోర్ట్ మీద తలుపు తట్టడం మొదలవుద్ది. లాస్ట్‌బీ కొడితే ఫెయిల్ అయిన లాగిన్లన్నీ వస్తాయి, రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్, ఉబుంటు, ఇవే పేర్లు మళ్లీ మళ్లీ. మీ మీద పగతో కాదు, స్క్రిప్ట్‌లు ఇంటర్నెట్ మొత్తం తిరుగుతుంటాయి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ మాత్రమే పెడితే వాళ్లు ఎంత తట్టినా మీకు లాగ్‌లో చెత్త తప్ప ఏం కాదు. పోర్ట్ మార్చడం వల్ల ఆ చెత్త తగ్గుద్ది, అంతకుమించి ఏం లేదు, మార్చాలనుకుంటే ఎస్ఈలినక్స్‌కి కూడా సీమేనేజ్ కమాండ్‌తో ఆ కొత్త పోర్ట్ చెప్పాలి లేకపోతే సర్వీస్ లేవదు. ఈ మార్పులు చేసేటప్పుడు ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ కొట్టి కాన్ఫిగ్ కరెక్ట్‌గా ఉందో లేదో చూసుకోవడం, పాత సెషన్ మూసెయ్యకుండా ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయ్యి చూసుకోవడం, ఈ రెండూ చేతికి అలవాటైపోవాలి. ఫైర్‌వాల్ నడిపే ఫైర్‌వాల్‌డీలో ఇంకో సుఖం ఉంది, పర్మనెంట్ అని చెప్పకుండా ఇచ్చిన రూల్ రీలోడ్ చేస్తే పోతుంది. కాబట్టి పది నిమిషాల తర్వాత రీలోడ్ అయ్యేలా ఎట్ కమాండ్‌తో ఒక జాబ్ పెట్టి, అప్పుడు రూల్స్ మార్చండి, మీరే లోపలికి రాలేకపోతే పది నిమిషాలు టీ తాగి వస్తే తలుపు తెరుచుకునే ఉంటుంది, అంతా బాగుంటే రన్‌టైమ్ టు పర్మనెంట్ కొట్టి జాబ్ తీసేయండి.

విండోస్ సర్వర్ వాళ్లు ఇదంతా మాకు కాదులే అనుకోవద్దు. ప్యాచింగ్ (అప్‌డేట్లు వెయ్యడం) గురించి రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వాన్నాక్రై వచ్చింది 2017 మే 12న, దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, వేసుకోనివాళ్లు పడ్డారు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా ఆ దెబ్బకి లాక్ అయ్యాయి. అయితే వచ్చిన అప్‌డేట్ వచ్చినట్టు అన్ని మిషన్లకీ ఒకేసారి తోసేద్దామా అంటే, 2024 జులై 19 ఉంది. సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ ఒక్క కంటెంట్ ఫైల్ పంపితే మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి, హైదరాబాద్ నుంచి వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది. ఫిక్స్ చాలా చిన్నది, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ డిలీట్ చెయ్యాలి. కానీ బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఉన్న మిషన్‌కి రికవరీ కీ కావాలి, ఆ కీ దాచిపెట్టిన సర్వర్ కూడా అదే నీలం తెరలో ఉంటే? రికవరీకి కావాల్సింది రికవర్ చెయ్యాల్సిన మిషన్‌లో పెట్టకూడదన్నది నాకు ఆ రోజు వార్తలు చదువుతుంటే బాగా ఎక్కింది. ముందు రెండు మూడు ముఖ్యంకాని సర్వర్లకి వేసి, ఒకట్రెండు రోజులు చూసి, మిగతా వాటికి వెయ్యడం అనే పాత పద్ధతి బోరింగ్‌గా ఉంటుంది, ఉండనివ్వండి.

సరే, ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి అంటే, ఇంట్లో ల్యాప్‌టాప్ చాలు. 8 జీబీ ర్యామ్ ఉంటే వర్చువల్‌బాక్స్‌లో రెండు చిన్న వీఎంలు గ్రాఫిక్స్ లేకుండా హాయిగా నడుస్తాయి. ఒకప్పుడు అందరం రెడ్ హ్యాట్ లినక్స్‌కి ఫ్రీ కాపీ లాంటి సెంట్‌ఓఎస్ మీదే నేర్చుకున్నాం, 2020 డిసెంబర్‌లో రెడ్ హ్యాట్ దాన్ని ఆపేస్తున్నామని చెప్పి సెంట్‌ఓఎస్ 8ని 2021 ఆఖరికే ముగించేసింది, 7 కూడా 2024 జూన్ 30తో అయిపోయింది, ఇంకా ఎవరైనా 7 మీద క్లాస్ చెప్తుంటే ఆ ఫీజు కట్టకండి. దాని స్థానంలో వచ్చిన ఆల్మాలినక్స్ గానీ రాకీ గానీ వేసుకోండి, అసలు రెడ్ హ్యాటే కావాలంటే డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా 16 సిస్టమ్స్ దాకా ఇస్తున్నారు. రెడ్ హ్యాట్ అడ్మిన్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాయాలనుకునేవాళ్లకి ఒక మాట, అది టిక్కులు పెట్టే పరీక్ష కాదు, మిషన్ ఇచ్చి పని చెప్తారు, 300కి 210 రావాలి, ఇంటర్నెట్ ఉండదు, సిస్టమ్‌లోనే ఉండే మ్యాన్ (కమాండ్ల సహాయం) పేజీలే దిక్కు, మీరు చేసింది రీబూట్ అయ్యాక కూడా నిలబడాలి. అందుకని మొదటి రోజు నుంచే గూగుల్ కన్నా ముందు మ్యాన్ తెరవడం అలవాటు చేసుకోండి.

వీఎంకి స్నాప్‌షాట్ (ఇప్పుడున్న స్థితి కాపీ) తీసుకుని పాడుచెయ్యడం మొదలుపెట్టండి, కోర్సులో ఎవరూ చెయ్యనివ్వనిది ఇదే. ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక యూయూఐడీ (డిస్క్ గుర్తు నంబర్) తప్పు రాసి రీబూట్ చేస్తే ఎమర్జెన్సీ మోడ్‌లో పడతారు, అక్కణ్నుంచి బయటికి రండి, తర్వాత ఫైండ్‌మౌంట్ వెరిఫై అనేది ఒకటుందని, దాంతో రీబూట్‌కి ముందే ఆ తప్పు తెలిసేదని చూడండి. రూట్ (అన్ని హక్కులున్న యూజర్) పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు నటించి బూట్ మెనూ గ్రబ్‌లో ఆర్‌డీ డాట్ బ్రేక్ ఇచ్చి మార్చండి, ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. మార్చేశాక సంతోషపడేలోపు ఒక్కసారి ఆలోచించండి, కన్సోల్ దగ్గరికి రాగలిగిన ఎవడైనా ఇదే చెయ్యొచ్చు కదా, మరి గ్రబ్ పాస్‌వర్డ్ ఎందుకు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎందుకు, సర్వర్ రూమ్‌కి తాళం ఎందుకు అన్నది అప్పుడు క్లాస్ చెప్పకుండానే అర్థమవుద్ది. రెండో వీఎంలో ఎన్ఎఫ్ఎస్ షేర్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్) పెట్టి మొదటిదాంట్లో మౌంట్ చేసి, రెండోదాన్ని ఠపీమని ఆపేసి, మొదటిదాంట్లో ఆ ఫోల్డర్‌లో నాలుగైదు ఎల్ఎస్‌లు కొట్టి చూడండి. లోడ్ యావరేజ్ ఎక్కుతూ పోతుంటుంది, సీపీయూ మాత్రం ఖాళీగా పడుకుని ఉంటుంది, పీఎస్‌లో చూస్తే ఆ ప్రాసెస్‌లన్నీ డీ స్టేట్‌లో, అంటే డిస్క్ లేదా నెట్‌వర్క్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. లోడ్ అంటే సీపీయూ అనుకునేవాళ్లు అప్పుడు ఆగుతారు.

ఒక్కళ్లే చేస్తే తొందరగా బోర్ కొడుతుంది, ఎక్కడ పాడుచేశామో మనకే తెలుసు కాబట్టి. రూమ్‌మేట్ ఎవరైనా కూడా ఇదే నేర్చుకుంటుంటే మీ వీఎం వాళ్లకిచ్చి ఒక చోట చెడగొట్టమనండి, ఎక్కడో చెప్పొద్దనండి, మీరు వాళ్లది చెడగొట్టండి. రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో తప్పు డీఎన్ఎస్ (సైట్ పేర్లని ఐపీలుగా మార్చే సర్వర్) పెట్టడం, గడియారం ఏడాది వెనక్కి తిప్పి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లన్నీ చెల్లకుండా చెయ్యడం, క్రాన్ జాబ్‌లో స్క్రిప్ట్‌కి పాత్ లేకుండా పేరు మాత్రం రాయడం, ఐనోడ్లు నింపెయ్యడం, ఒక ఫైల్‌కి చాటర్ కమాండ్‌తో ఇమ్యూటబుల్ (మార్చలేని) బిట్ పెట్టి రూట్ కూడా డిలీట్ చెయ్యలేకుండా చెయ్యడం, వీటితో మొదలుపెట్టొచ్చు. రూల్ ఒకటే పెట్టుకోండి, దొరికేదాకా రీబూట్ లేదు, 777 లేదు, సెట్‌ఎన్‌ఫోర్స్ లేదు, ఓడిపోయినవాళ్లు ఆ రాత్రి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఇప్పించాలి.